గోడకు దన్ను, మాటకు గీత

ఏం చెల్లీ, వంటింటి పని తెమిలిందా? అయితే కొంగుతో చేతులు తుడుచుకుని ఇలా వచ్చి కూర్చో. ఈసారి నీకు చెప్పాలని దాచుకున్న ముచ్చట ఒక ఇంగ్లిషు మాటది. ఇంగ్లిషు అనగానే లేచి వెళ్లకు. ఆ మాట వెంట పడితే అది నన్ను మా పుట్టింటి పెరట్లోకి తీసుకెళ్లింది, హనుమకొండ గుడి దాకా తీసుకెళ్లింది, బూరుగు చెట్టు మొదట్లో కూర్చోబెట్టింది. ఆ మాట బట్రెస్.

మా చిన్నది ఏడో తరగతి. ఓ రాత్రి భోజనాలయ్యాక హోంవర్కు ముందేసుకుంది. కట్టడాలకు సంబంధించిన పది ఇంగ్లిషు మాటలు. ఒక్కో మాటనూ హైఫన్ పెట్టి విడగొట్టాలి, పక్కన అర్థం రాయాలి. పిల్లర్, కాలమ్, గర్డర్, లింటెల్, బ్రాకెట్, స్కాఫోల్డింగ్, అబట్‌మెంట్, బీమ్, ప్రాప్, బట్రెస్. గైడు పక్కన పెట్టుకుని గబగబా రాసుకుపోతోంది. పిల్లర్ అంటే సపోర్ట్. ప్రాప్ అంటే సపోర్ట్. బట్రెస్ అంటే సపోర్ట్. సగం పేజీ నిండాక పెన్ను కింద పెట్టింది.

"అమ్మా, అన్నీ సపోర్టే అయితే ఇన్ని పేర్లెందుకు?" అంది.

చెల్లీ, నిజం చెబుతున్నా, ఆ క్షణంలో నా దగ్గర జవాబు లేదు. "పొద్దుపోయింది, పడుకో, రేపు చెబుతా" అన్నాను. అది హాయిగా నిద్రపోయింది. నాకే నిద్ర పట్టలేదు. ఆ ప్రశ్న అంత మంచి ప్రశ్న. పిల్లలు అలాంటి ప్రశ్న అడిగినప్పుడు మనం పక్కకు తప్పుకుంటే, రేపటి నుంచి అడగడం మానేస్తారు. అందుకని మర్నాటి నుంచి ఇద్దరం కలిసి ఆ మాటను పట్టుకున్నాం.

ముందు విడగొట్టడం సంగతి చూడు. మా పిల్ల బట్రెస్‌ను బి యు టి టి అని రాసి, గీత పెట్టి, ఆర్ ఇ ఎస్ ఎస్ అని రాసింది. ఎందుకలా అంటే "టి టి జంట కదమ్మా, విడదీస్తే పాపం" అంది. కానీ ఇంగ్లిషులో మాట మధ్యలో ఒకే హల్లు రెండుసార్లు వస్తే మామూలుగా గీత ఆ రెండింటి మధ్యే పడుతుంది. బి యు టి ఒక ముక్క, టి ఆర్ ఇ ఎస్ ఎస్ ఇంకో ముక్క. పిల్లర్‌లో రెండు ఎల్‌ల మధ్య, స్కాఫోల్డింగ్‌లో రెండు ఎఫ్‌ల మధ్య కూడా అంతే.

"మరి టెల్లింగ్ అన్నప్పుడు రెండు ఎల్‌లూ ఒకే పక్కన ఉంటాయని టీచర్ చెప్పారు" అంది. అదీ నిజమే. టెల్ అనే మాటకే రెండు ఎల్‌లు ఉన్నాయి, దాని చివర ఐ ఎన్ జి వచ్చి చేరింది. ఉన్న మాటను విరగ్గొట్టకుండా తోక దగ్గర గీత పెడతారు. అదే రన్నింగ్‌లో అయితే రెండో ఎన్ మధ్యలో వచ్చి చేరింది కాబట్టి రెండు ఎన్‌ల మధ్య గీత పడుతుంది. చూశావా, గీత ఎక్కడ పెట్టాలో తెలియాలంటే మాట ఎలా పుట్టిందో కొంచెమైనా తెలియాలి.

అక్కడితో ఆగిందా? లేదు. "అయితే బట్ అంటే కానీ, ట్రెస్ అంటే జడ. బట్రెస్ అంటే కానీ-జడా?" అని అడిగింది. నవ్వొచ్చినా నవ్వలేదు, ఎందుకంటే దాని తప్పేమీ లేదు. మన తెలుగు క్లాసులో విడదీయడం అంటే సంధి విడదీయడం. రామాలయం అంటే రామ, ఆలయం. రెండు ముక్కలకూ అర్థం ఉంటుంది, కలిపితే పెద్ద అర్థం వస్తుంది. ఆ అలవాటుతోనే అది ఇంగ్లిషు ముక్కల్లోనూ అర్థం వెతికింది. హైఫన్ చేసే పని అది కాదు. అది చాలావరకు చెవి చెప్పినట్టు వింటుంది. హెలికాప్టర్ అనే మాట గ్రీకులో మెలిక, రెక్క అనే రెండు మాటల కలయిక. అర్థం ప్రకారం విడగొడితే హెలికో, ప్టర్ అవ్వాలి. ప్టర్ అని ఎవరి నోరు తిరుగుతుంది చెప్పు? అందుకే పలికే తీరునే గీతలు పెట్టుకున్నారు.

మనకీ ఇలాంటి విభజన ఉంది, మరిచిపోయాం అంతే. పద్యానికి గణవిభజన చేసేటప్పుడు మాట ఎక్కడ మొదలైంది, ఎక్కడ ముగిసింది అని చూస్తామా? చూడం. గురువు, లఘువు చూస్తాం. అమ్మ అనే మాట తీసుకో. రాసేటప్పుడు అ ఒక అక్షరం, మ్మ ఒక అక్షరం. పలికేటప్పుడు మాత్రం అమ్ అని ఆగి మ అంటాం. అందుకే మొదటి అ పొట్టిదే అయినా ద్విత్వం ముందుంది కాబట్టి గురువైంది. కన్ను ఒక చోట విడదీస్తుంది, చెవి ఇంకో చోట విడదీస్తుంది. ఇంగ్లిషువాళ్లు జంట హల్లుల మధ్య గీత పెట్టడం, మనం ద్విత్వం ముందు అక్షరాన్ని గురువు అనడం దగ్గరి చుట్టాల్లాంటివి అని చెప్పగానే మా పిల్ల కళ్లు మెరిశాయి. తొమ్మిదో తరగతి అక్క పుస్తకంలో ఉన్న యమాతారాజభానస దానికి అప్పటిదాకా మంత్రంలా వినబడేది. ఆ రోజు అందులో అర్థం కనబడింది.

ఇంకో చిత్రం విను. ఇంగ్లిషులో రికార్డ్ అనే మాట ఉంది కదా. నామవాచకంగా వాడితే ఆర్ ఇ సి తర్వాత గీత. పాటను రికార్డ్ చెయ్యడం అనే క్రియగా వాడితే ఆర్ ఇ తర్వాతే గీత. అక్షరాలు అవే, వరుస అదే. అర్థం మారితే ఒత్తు మారింది, ఒత్తు మారితే గీత జరిగింది. ప్రెజెంట్ కూడా అంతే: కానుక అయితే ఒక చోట, బహూకరించడం అయితే ఇంకో చోట. కాబట్టి హోంవర్కులో విడగొట్టమన్నది, అర్థం రాయమన్నది రెండు వేరు పనులు కావు చెల్లీ. రెండో పని తెలియకుండా మొదటిది సరిగ్గా రాదు.

మిగతా నియమాలు చిన్నవే. ప్రతి ముక్కలోనూ పలికే అచ్చు ఒకటి ఉండాలి. అందుకే బీమ్, ప్రాప్, పోస్ట్, స్ట్రట్, ట్రస్ లాంటి మాటలకు గీత పెట్టే చోటే లేదు. ఒకే ఊపిరిలో పలికే మాటలు అవి. ఒంటరి అక్షరాన్ని పంక్తి చివర వదలకూడదు. అబట్‌మెంట్‌ను పలికితే మూడు ముక్కలే కానీ, మొదటి ఎ ఒక్కదాన్నీ వదిలిపెట్టరు కాబట్టి అచ్చులో ఒక్క చోటే గీత పడుతుంది. కాలమ్‌లో చివరి ఎన్ వినబడదు, కాలమిస్ట్ అన్నప్పుడు మాత్రం పలుకుతుంది. పత్రికలో నిలువుగా సాగే వరుసను కాలమ్ అన్నారంటే అది స్తంభంలా నిలబడుతుందనే.

అసలు ఈ గీత ఎందుకు పుట్టింది? పంక్తి చివర చోటు చాలక. గూటెన్‌బర్గ్ 1455 ప్రాంతంలో అచ్చు వేసిన బైబిలులో పుటకు 42 పంక్తులు. అంచు గోడ కట్టినట్టు తీరుగా రావాలని, పట్టని మాటను విరిచి చివర రెండు చిన్న వాలు గీతలు పెట్టాడు. ఇప్పుడు ఆ పని కంప్యూటర్ చేస్తోంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్లిన్ లియాంగ్ అనే విద్యార్థి 1983లో దీని మీదే పరిశోధన గ్రంథం రాశాడు, దాని పేరులోనే మాటలను గీతలతో విడగొట్టి పెట్టాడు. అన్నిటికంటే నాకు నచ్చింది హైఫన్ అనే పేరు. గ్రీకులో దాని అర్థం ఒకదాని కిందికి, అంటే కలిపి అని. విడదీసే గీతకు కలిపేది అని పేరు! ఆలోచిస్తే న్యాయమే. ఈ పంక్తిలో సగం ఉంది, మిగతా సగం కింద ఉంది, రెండూ ఒకటే సుమా అని చెప్పడానికే కదా ఆ గీత.

సరే, గీత సంగతి తేలింది. ఇక అర్థం. అసలు కష్టం అక్కడే.

ఒక వస్తువుకు అర్థం చెప్పడం ఎలాగో మన పెద్దలు ఎప్పుడో చక్కగా నేర్పారు. 17వ శతాబ్దంలో మన తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహం రాశాడు. తర్కం నేర్చుకోవాలనుకునే పిల్లలకు దేశమంతటా అదే మొదటి పుస్తకం. దానికి ఆయనే దీపిక అని వ్యాఖ్య రాసి, నిర్వచనంలో వచ్చే మూడు దోషాలు ఆవు ఉదాహరణతో చెప్పాడు. ఆవు అంటే కపిల రంగుది అన్నావనుకో, తెల్లావు, నల్లావు బయట పడిపోతాయి. అది అవ్యాప్తి. ఆవు అంటే కొమ్ములున్నది అన్నావనుకో, గేదె, మేక కూడా లోపలికి వచ్చేస్తాయి. అది అతివ్యాప్తి. ఆవు అంటే చీలని ఒంటి గిట్ట ఉన్నది అన్నావనుకో, అలాంటి ఆవు ఒక్కటీ ఉండదు. అది అసంభవం. మరి ఆవును ఆవుగా పట్టిచ్చేది ఏది? గంగడోలు. మెడ కింద వేలాడే ఆ తోలు.

ఇది చెప్పి మా చిన్నదాన్ని అడిగాను: "బట్రెస్ అంటే సపోర్ట్ అని రాశావు, అందులో ఏ దోషం ఉంది?" కాసేపు ఆలోచించి "అతివ్యాప్తి" అంది. చెల్లీ, నా గుండె నిండిపోయింది. సపోర్ట్ అంటే కొమ్ములున్నది అన్నట్టే. దూలమూ సపోర్టే, గుంజా సపోర్టే, పాదుకు పాతిన కర్రా సపోర్టే. మరి బట్రెస్‌కు గంగడోలు ఏది? అది వెతకాలి.

వెతకడానికి ఇంట్లో ఉన్న వస్తువులే చాలు. నువ్వూ చేసి చూడు. రెండు నోటుబుక్కులు తీసుకుని, తలలు రెండూ కలిసేలా, ఇంటి కప్పులా ఏటవాలుగా నిలబెట్టు. నున్నటి బల్ల మీద నిలబడవు. కింది అంచులు రెండూ బయటికి జారిపోతాయి. పైనుంచి నువ్వు నొక్కడమే లేదు, వాటి బరువే వాటిని చెరో పక్కకు తోస్తోంది. ఇప్పుడు కందిపప్పు డబ్బా ఒక వైపు, మినప్పప్పు డబ్బా ఒక వైపు ఆనించు. పుస్తకాలు కదలవు. ఆ డబ్బాలు పుస్తకాలను కింది నుంచి మోయడం లేదు, పైనుంచి పట్టుకోవడం లేదు. పక్క నుంచి ఎదురు తోస్తున్నాయి. ఆ డబ్బాలే బట్రెస్‌లు.

ఆ మాట పుట్టుకలోనూ ఇదే ఉంది. పాత ఫ్రెంచిలో తోయడం అనే అర్థమున్న మాట నుంచి అది వచ్చింది. పొట్టేలు తలతో కుమ్మడాన్ని ఇంగ్లిషులో బట్ అంటారు, ఆ మాటా అక్కడి నుంచి వచ్చిందే. కాబట్టి బట్రెస్‌లో ఉన్నది జడ కాదు, పొట్టేలు! గోడ అవతలికి ఒరగబోతుంటే తల వంచి ఎదురు నిలిచిన పొట్టేలు. ఫోర్‌ట్రెస్, మ్యాట్రెస్, వెయిట్రెస్ అన్నీ చివర ఒకేలా వినబడినా ఒక్కోదాని పుట్టిల్లు ఒక్కో చోట. మ్యాట్రెస్ అయితే అరబ్బీ నుంచి నడిచొచ్చింది.

ఇక్కడ మా పిల్ల ఇంకో ప్రశ్న వేసింది. "మన గుళ్లలో ఇలాంటివి ఎందుకు కనబడవు?" దీనికి జవాబు వెతుకుతుంటే ఒక సంవత్సరం నా కంట పడింది, అప్పటి నుంచి అది నన్ను వదలడం లేదు. 1163. హనుమకొండ వేయిస్తంభాల గుడిని కాకతీయ రుద్రదేవుడు కట్టించిన సంవత్సరం అది. పారిస్‌లో నోత్రదామ్ చర్చికి పునాది పడిందీ ఆ ఏడాదే. రెండు దేశాలు, ఒకరి ఊసు ఒకరికి తెలియని శిల్పులు, ఒకే ఏడాది.

హనుమకొండలో ఏం చేశారు? రాతి స్తంభాలు నిలబెట్టి, వాటి మీద రాతి దూలాలు అడ్డంగా పరిచారు. పైకప్పు బరువు దూలానికి, దూలం నుంచి స్తంభానికి, స్తంభం నుంచి నేలకు నిలువునా దిగిపోతుంది. పక్కకు తోపు ఉండదు. తోపు లేని చోట పొట్టేలుతో పనేముంది? అందుకే మనకు స్తంభానికి, దూలానికి అన్ని పేర్లున్నాయి, బట్రెస్‌కు మాత్రం ఊరందరికీ తెలిసిన పేరు లేదని నాకు తోచింది.

పారిస్‌లో ఎత్తయిన రాతి కమానుల కప్పు వేశారు. కమాను అంటే మన రెండు నోటుబుక్కుల ఆటే, రాళ్లు ఒకదానికొకటి ఆనుకుని నిలబడతాయి, గోడలను బయటికి తోస్తాయి. గోడను బాగా లావుగా కట్టి ఆ తోపును ఆపొచ్చు. కానీ వాళ్లకు గోడ నిండా రంగు గాజు కిటికీలు కావాలి, లోపలికి వెలుతురు రావాలి. అందుకని ఆ బలాన్ని గోడలోంచి తీసి బయట పెట్టారు. గోడకు దూరంగా రాతి దిమ్మెలు లేపి, అక్కడి నుంచి గోడ మీదికి సగం కమానును చెయ్యి చాపినట్టు వేశారు. అదే ఫ్లయింగ్ బట్రెస్, గాలిలో తేలే దన్ను. ఎత్తు మీద ఆశ పెరిగి లెక్క తప్పితే ఏమవుతుందో ఆ దేశంలోనే బోవే ఊళ్లో కనబడింది. అక్కడి చర్చి కప్పును దాదాపు 48 మీటర్ల ఎత్తున వేశారు. 1272లో అది పూర్తయింది, 1284లో కొంత భాగం కూలింది.

2019 ఏప్రిల్ 15న నోత్రదామ్ మంటల్లో చిక్కడం టీవీలో చూసే ఉంటావు. పైన చెక్క కప్పు కాలిపోయింది, శిఖరం కూలింది. ఆ తర్వాత ఇంజినీర్ల భయం ఏమిటో తెలుసా? కమాను గోడను బయటికి తోస్తుంటే బట్రెస్ లోపలికి తోస్తుంది. రెండూ సమానంగా ఉన్నంతకాలం గోడ నిలువుగా ఉంటుంది. పైన కప్పు పోయి ఒక వైపు తోపు తగ్గితే, ఇన్నాళ్లూ కాపాడిన బట్రెస్సే గోడను లోపలికి తోసెయ్యొచ్చు. అందుకని ప్రతి సగం కమాను కిందా చెక్కతో చట్రాలు చేసి అమర్చారు. కమాను కింద పెట్టే అలాంటి చట్రాన్ని ఇంగ్లిషులో ఏమంటారో తెలుసా? సెంట్రింగ్. మన ఊళ్లో స్లాబు వేసేటప్పుడు మేస్త్రీలు "సెంట్రింగ్ అయిందా? సెంట్రింగ్ ఎప్పుడు ఊడదీస్తారు?" అంటారే, అదే మాట! కమానులు కట్టేవాళ్ల నోటి మాట స్లాబులు వేసే మన మేస్త్రీల నోట అచ్చతెలుగు మాటలా స్థిరపడిపోయింది. ఇటు మన హనుమకొండలోనూ, విడదీసి మళ్లీ నిలబెట్టిన వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2024 మార్చిలో తెరిచారు. అదే ఏడాది డిసెంబరులో నోత్రదామ్ తలుపులూ తెరుచుకున్నాయి. 1163 నాటి ఆ రెండూ మళ్లీ ఒకే ఏడాది జనానికి దక్కాయి.

సంక్రాంతికి పుట్టింటికి వెళ్లినప్పుడు అసలు సంగతి బయటపడింది. మా పెరటి వెనక గోడకు ఒక చోట ఇటుకలతో కట్టిన ఏటవాలు దిమ్మె ఉంది. చిన్నప్పుడు తమ్ముడూ నేనూ దాని మీద ఎక్కి జారేవాళ్లం. ఎన్ని లంగాలు చిరిగాయో లెక్కలేదు. దాన్ని మేం జారుడుబండ అనే అనుకున్నాం. ఈసారి మా చిన్నది దాని చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి వచ్చి "తాతయ్యా, ఇదెందుకు కట్టారు?" అని అడిగింది.

నాన్న చెప్పారు: "గోడ అవతల వాళ్ల స్థలం మెరకమ్మా. వానాకాలం ఆ మట్టి తడిసి బరువెక్కి గోడను మనవైపు తోస్తుంది. ఒక ఏడు గోడ ఉబ్బింది. అప్పుడు మేస్త్రి చూసి, గోడ పడగొట్టక్కర్లేదు, ఇక్కడో దన్ను కడితే చాలన్నాడు. నలభై ఏళ్లయింది, గోడ ఇంకా అలాగే ఉంది."

దన్ను! చూశావా చెల్లీ, నేను ఊరందరికీ తెలిసిన పేరు లేదనుకున్న మాట మా పెరట్లోనే, మా నాన్న నోట్లోనే ఉంది. రోజూ వాడుతూనే ఉన్నాం. ఎవరైనా కష్టంలో ఉన్నవాళ్ల వెనక నిలబడితే వెన్నుదన్నుగా నిలిచారు అని పత్రికలు రాస్తాయి. ఇంగ్లిషువాళ్లు కూడా ఒక వాదానికి బలం చేకూర్చడాన్ని బట్రెస్ చెయ్యడం అంటారు. రెండు భాషలూ ఒకే గోడ వైపు చూసి ఒకే పోలిక తెచ్చుకున్నాయి. మనకు మాట లేక కాదు, ఆ మాటను ఈ మాట పక్కన కూర్చోబెట్టక.

ఆ సాయంత్రం ఊరి చివర బూరుగు చెట్టు దగ్గరికి వెళ్లాం. ముదిరిన బూరుగు మొదట్లో చెక్క పలకల్లాంటి అంచులు మానుకు ఆనుకుని నాలుగు వైపులా దిగి ఉంటాయి. గాలికి అంత పెద్ద చెట్టు ఒరగకుండా అవి పక్కల నుంచి కాస్తాయి. వాటిని ఇంగ్లిషులో బట్రెస్ వేర్లు అనే అంటారు. మరి మర్రి ఊడలో? అవి కొమ్మను కింది నుంచి మోస్తాయి, వాటిని ప్రాప్ వేర్లు అంటారు. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను దాదాపు 5 ఎకరాల్లో పరుచుకుని నిలబడిందంటే ఆ ఊడల చలవే. బూరుగును చూస్తే బట్రెస్, మర్రిని చూస్తే ప్రాప్. ఈ రెండు చెట్లూ తెలిసిన పిల్ల ఆ రెండు మాటల మధ్య ఎన్నడూ తడబడదు.

తిరిగొస్తూ మేం మూడు ప్రశ్నలు తయారు చేసుకున్నాం. ఇది దేన్ని ఆపుతోంది? ఎటు నుంచి ఆపుతోంది? తీసేస్తే ఏమవుతుంది? ఇక ఆ పది మాటలూ వాటంతట అవే విడివడ్డాయి. దూలం తీస్తే కప్పు కిందికొస్తుంది. గెల వేసిన అరటికి ఆనించిన వెదురు తీస్తే చెట్టు వంగిపోతుంది. గుమ్మం మీది అడ్డపట్టె, అంటే లింటెల్ తీస్తే పైగోడ గుమ్మంలో పడుతుంది. గోడలోంచి చెయ్యి చాపిన బ్రాకెట్ తీస్తే దేవుడి పటాల అర జారిపోతుంది. దన్ను తీస్తే గోడ పక్కకు ఒరుగుతుంది. "మరి లేపాక్షిలో వేలాడే స్తంభమో?" అంది. అక్కడి వీరభద్రాలయంలో ఒక స్తంభం అడుగు పూర్తిగా నేలకు ఆనదు, కింది సందులోంచి గుడ్డ ఇటు నుంచి అటు లాగి చూపిస్తారు. దాని రూపం స్తంభానిది. కానీ బరువును నేలకు దించే పని చుట్టూ ఉన్న మిగతా స్తంభాలదే. రూపాన్ని బట్టి పేరు పెట్టాలా, పనిని బట్టి పెట్టాలా అని మా ఇద్దరికీ ఇంటికొచ్చేదాకా ఒకటే వాదన. చివరికి అదే తేల్చింది: "చూడ్డానికి స్తంభం, చెయ్యడానికి కాదు."

తర్వాత ఆ నోటుబుక్కులో సపోర్ట్ అన్న మాట కొట్టేసి, తన సొంత మాటల్లో రాసుకుంది. బట్రెస్: గోడ పక్కకు ఒరగకుండా బయటి నుంచి ఆనించి కట్టి, ఎదురు తోసే కట్టడం. తెలుగులో దన్ను. రాతితో కట్టినది అనలేదు, ఇటుకతోనూ కడతారు కాబట్టి. ఆసరా ఇచ్చేది అని వదిలెయ్యలేదు, అన్నీ లోపలికొస్తాయి కాబట్టి. అన్నంభట్టు చూసినా సరే అనేవాడు.

చెల్లీ, నీకు చెప్పాలనుకున్నది ఇదే. గైడులో ఉన్న అర్థం తప్పు కాదు, కానీ అది పిల్లను ఆ వస్తువు దగ్గరికి తీసుకెళ్లదు. గోడ దగ్గరికి, చెట్టు దగ్గరికి, తాతయ్య దగ్గరికి తీసుకెళ్లాల్సింది మనమే. దానికి పెద్ద చదువు అక్కర్లేదు, రెండు నోటుబుక్కులు, రెండు పప్పు డబ్బాలు చాలు. మెదక్ చర్చికో, చార్మినార్‌కో, ఏ పాత గుడికో వెళ్లినప్పుడు లోపల చూసి తిరిగొచ్చెయ్యకు. పిల్లల చెయ్యి పట్టుకుని కట్టడం చుట్టూ బయటి నుంచి ఒక్కసారి తిప్పు. ఏది దేన్ని మోస్తోంది, ఏది దేన్ని తోస్తోంది అని వాళ్లనే అడుగు.

ఈ రాత్రి నీ బిడ్డ నోటుబుక్కు తెరిచి చూడు. సపోర్ట్ అని కనబడితే కోప్పడకు, గీత తప్పు పడితే చెయ్యి విసరకు. పక్కన కూర్చుని ఆ మూడో ప్రశ్న ఒక్కటి అడుగు: తీసేస్తే ఏమవుతుంది? దానికి జవాబు చెప్పగలిగిన బిడ్డకు ఆ మాట వచ్చినట్టే.